పాస్‌పుస్తకంలో కోతలు : ఒక్కరి ఫిర్యాదు ఎక్కడికి, అందరి ఫిర్యాదు ఎక్కడికి

(సభ్య శిక్షణ పాఠం)

పాల బిల్లు సంఘం కార్యాలయంలో సంతకం పెట్టి నగదుగా పుచ్చుకునే పద్ధతి చాలా సంఘాలలో పోయింది. బిల్లు సొమ్ము నేరుగా సభ్యుల బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఇది మంచి మార్పే. లెక్క స్పష్టంగా ఉంటుంది, చేతివాటానికి తావు తగ్గుతుంది. అయితే సొమ్ము బ్యాంకుకు చేరిన తరువాత ఏమవుతున్నదో చూచుకునే అలవాటు మాత్రం మన సభ్యులలో ఇంకా రాలేదు. వెన్న శాతం కొంచెం తగ్గితే టెస్టరుతో వాదనకు దిగే సభ్యుడు, పాస్‌పుస్తకంలో ఏదో పేరుతో నూటయాభై రూపాయలు తగ్గితే "బ్యాంకువాళ్లు ఏదో పట్టుకున్నారు" అని ఊరుకుంటున్నాడు.

ఏ సంఘానికి తనిఖీకి వెళ్లినా ఈ మాటలు వినబడతాయి. అడగని బీమాకు ప్రీమియం కోశారని ఒకరు, గేదె ఇంటికి రాకముందే వడ్డీ మొదలైందని ఒకరు, చెవి పోగు లేదని క్లెయిము తోసివేశారని ఒకరు చెబుతారు. చెప్పి ఊరుకుంటారు. ఎవరి గేదె ఎన్ని లీటర్లు ఇస్తుందో ఊరంతటికీ తెలుసు. ఎవరి ఖాతాలో ఎంత కోత పడుతున్నదో పక్కింటివారికి కూడా తెలియదు. అందుచేత పదిమందికి జరిగినది కూడా ఎవరికి వారికి తమ ఒక్కరికే జరిగినట్లు తోస్తుంది. ఈ పాఠం ఆ విషయాన్ని గురించే.

పశువును చూడాలా, మిషన్‌ను చూడాలా?

ఒక సభ్యుని పాలకు ఉదయం పూట ఎస్.ఎన్.ఎఫ్. తగ్గిందనుకుందాం. పశువు మేత సంగతి అడుగుతాం, ఈని ఎన్ని నెలలయిందో అడుగుతాం, నీళ్లు కలిశాయేమోనని అనుమానపడతాం. అదే ఉదయం ఊళ్లో ఎనభైమందికీ ఒకే రీతిగా తగ్గితే పశువుల జోలికి పోము. పరీక్ష మిషన్ సరిగా కడిగారా, సరిచూశారా అని అడుగుతాం. ఎనభైమందికీ విడివిడిగా సర్దుబాటు చేసి మిషన్‌ను అట్లాగే వదిలేస్తే సాయంత్రం మళ్లీ అదే తగువు.

బ్యాంకు, బీమా విషయాలలో కూడా ఇట్టి రెండు రకాల లోపాలున్నాయి. ఒక ఖాతాలో గుమాస్తా పొరపాటున వేరొకరి పద్దు వేస్తే అది ఒక్కరి ఫిర్యాదు. ఒకే బ్యాంకు ఒకే రకమైన రుణం తీసుకున్నవారందరి వద్దా ఒకే తప్పుడు లెక్కతో వడ్డీ కోస్తే అది పద్ధతిలోనే ఉన్న లోపం. మొదటిదాన్ని సరిదిద్దే తలుపు వేరు, రెండవదాన్ని సరిదిద్దే తలుపు వేరు. ఒక తలుపు తట్టవలసినవారు రెండవ తలుపు తట్టి, జవాబు రాలేదని నిరుత్సాహపడటం తరచుగా చూస్తున్నాము.

అంబుడ్స్‌మన్ చేయగలిగినది, చేయలేనిది

అంబుడ్స్‌మన్ అన్న మాట స్వీడన్ దేశపుది. అక్కడ 1809లోనే ప్రభుత్వ అధికారులపై ప్రజల ఫిర్యాదులు వినడానికి ఇట్టి పదవిని ఏర్పాటు చేసుకున్నారు. మన దేశంలో రిజర్వు బ్యాంకు 1995లో బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ పథకం తెచ్చింది. ఫైనాన్సు కంపెనీలకు 2018లోను, డిజిటల్ చెల్లింపులకు 2019లోను వేరు వేరు పథకాలు వచ్చాయి. 2021 నవంబరు 12న ఈ మూడింటినీ కలిపి ఒకటే చేశారు. ఫిర్యాదును కంప్యూటరు ద్వారా పంపవచ్చు, లేదా ఛండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రీకృత స్వీకరణ కేంద్రానికి పోస్టులో పంపవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. రుసుము ఏమీ లేదు. రుసుము అడిగినవాడెవడైనా, ఫోనుకు వచ్చిన రహస్య అంకెలు చెప్పమన్నవాడెవడైనా మోసగాడని తెలుసుకోవాలి.

మన సభ్యులకు ఎక్కువగా పనిపడే జిల్లా కేంద్ర సహకార బ్యాంకులు చాలాకాలం ఈ పథకంలో లేవు. రాష్ట్ర సహకార బ్యాంకులను, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులను 2025 నవంబరు 1 నుంచి ఇందులో చేర్చారు. ఇది మనవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మార్పు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు మాత్రం ఈ పథకం కిందకు రావు. వాటిపై ఫిర్యాదు సహకార శాఖకే.

ముందుగా బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా అప్పుడు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. 2021 నాటి పథకం ఇందుకు ఏడాది గడువు ఇచ్చింది. గడువు ఉంది గదా అని కూర్చోవద్దు. పథకాలను సవరించినప్పుడు గడువులు కూడా మారుతుంటాయి. ముప్పై రోజులు నిండిన వారంలోనే పంపడం మేలు. వకీలును పెట్టుకోనక్కరలేదు, పెట్టుకోనివ్వరు కూడా. సభ్యుడు వ్రాసి ఇచ్చిన అధికారపత్రంతో సంఘం కార్యదర్శి అతని తరఫున మాట్లాడవచ్చు. చదువురాని సభ్యులకు, ఊరు దాటి వెళ్లలేని సభ్యురాండ్రకు ఇది ఎంతో ఉపయోగం.

ఇక చేయలేనిది. అంబుడ్స్‌మన్ ఒక ఫిర్యాదుదారునికి జరిగిన సేవాలోపాన్ని విచారిస్తాడు. బ్యాంకు యాజమాన్యంపై సాధారణమైన ఆరోపణలను పథకం స్వీకరించదు. "ఈ బ్యాంకు పాడి రైతులను దోచుకుంటోంది, చర్య తీసుకోండి" అని సంఘం లెటరుహెడ్డు మీద వ్రాసి పంపితే ఆ కాగితం తిరిగి వస్తుంది. తిరిగి వచ్చినందుకు అంబుడ్స్‌మన్‌ను తప్పు పట్టడానికి లేదు. రోగికి మందు ఇచ్చే వైద్యుని దగ్గరకు వెళ్లి ఊరి మంచినీళ్ల బావి శుభ్రం చేయించమంటే ఏం చేస్తాడు? ఆ పని పంచాయతీది. పద్ధతిని మార్చే అధికారం నియమాలు చేసే సంస్థకు, అంటే బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకుకే ఉన్నది. బీమా విషయంలో ఐ.ఆర్.డి.ఎ.ఐ. అనే బీమా నియంత్రణ సంస్థకు ఉన్నది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది.

గేదె సంతలో, వడ్డీ ఖాతాలో

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు పాఠం కోసం వేసుకున్నవి.

ఒక సభ్యురాలికి పాడి పశువుకు లక్ష రూపాయల రుణం నెల మొదటి తేదీన మంజూరైంది. వడ్డీ సాలుకు నూటికి 12. మంచి గేదె దొరకడానికి రెండు సంతలు తిరగవలసి వచ్చింది. 19వ తేదీన గేదె కుదిరి, ఆ రోజే బ్యాంకువారు సొమ్ము అమ్మినవారికి పంపారు. ఖాతాలో మాత్రం వడ్డీ 1వ తేదీ నుంచే మొదలైంది. 18 రోజుల వడ్డీ సుమారు 592 రూపాయలు. తన చేతికి రాని, గేదె అమ్మినవారి చేతికీ పోని సొమ్ముకు ఆమె వడ్డీ కట్టింది.

592 రూపాయల కోసం ఎవరు తిరుగుతారు? బ్యాంకుకు రెండుసార్లు వెళ్లివస్తే ఆటో ఖర్చు, పోయిన కూలి కలిపి అంతకు అంతా అవుతుంది. అందుకే ఆమె ఊరుకుంటుంది. ఆమె వంటివారు ఆ సంఘంలో నలభైమంది ఉంటే 23,680 రూపాయలు. బ్యాంకుకు జిల్లాలో ఎన్ని శాఖలున్నాయో, ఒక్కొక్క శాఖ ఎన్ని సంఘాలకు రుణాలిచ్చిందో మీరే లెక్క వేసుకోండి. చిన్న కోత ఎప్పుడూ పెద్ద కోతకన్నా ఎక్కువకాలం బ్రతుకుతుంది, దానికోసం తిరిగేవాడు ఉండడు కనుక.

ఇది ఊహించి చెప్పిన లోపం కాదు. 2024 ఏప్రిల్ 29న రిజర్వు బ్యాంకు ఇదే విషయమై బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు ఆదేశం జారీచేసింది. తమ తనిఖీలలో కొన్ని సంస్థలు సొమ్ము చెల్లించిన తేదీ నుంచి కాక మంజూరు తేదీ నుంచో, ఒప్పందం తేదీ నుంచో వడ్డీ వేస్తున్నట్లు కనబడిందని అందులో చెప్పింది. చెక్కు వ్రాసిన తేదీ నుంచి వడ్డీ వేసి, చెక్కును చాలా రోజుల తరువాత ఇచ్చిన సందర్భాలున్నాయని, నెల మధ్యలో అప్పు ఇచ్చినా తీర్చినా నెలంతటికీ వడ్డీ వేసిన సందర్భాలున్నాయని కూడా చెప్పింది. ఇవి న్యాయమైన పద్ధతులు కావని, ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇవ్వాలని నిర్దేశించింది. తనిఖీ అధికారి నలభై ఖాతాలు పక్కపక్కన పెట్టి చూచినందువల్లనే అది బయటపడింది. ఒక్కొక్కరు తమ ఒక్క పాస్‌పుస్తకం చూచుకుంటే బయటపడేది కాదు.

మరికొన్ని కూడా ఇట్లాగే వచ్చాయి. ఎస్.ఎం.ఎస్. చార్జీలు వాడకాన్ని బట్టి ఉండాలని 2013 నవంబరులోను, కనీస నిల్వ తగ్గినందుకు వేసే రుసుము తగ్గిన మొత్తానికి తగినట్లే ఉండాలని, ముందుగా ఖాతాదారునికి తెలిపి నిల్వ భర్తీకి నెల గడువు ఇవ్వాలని 2014 నవంబరులోను రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇళ్ల రుణాల వంటి వ్యక్తిగత రుణాలు తీరిన 30 రోజులలో దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల వంతున పరిహారం చెల్లించాలని 2023 సెప్టెంబరులో ఆదేశించింది. ఒక్కో సంస్థ ఒక్కో రీతిగా వ్యవహరించడం వల్ల ఫిర్యాదులు, వివాదాలు వస్తున్నాయన్నదే ఆ ఆదేశానికి చెప్పిన కారణం.

శాఖలు మూయించడం ఒకటి, నియమం రావడం ఒకటి

మన ప్రాంతపు అనుభవం ఒకటి ఉన్నది. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మ రుణ సంస్థల వడ్డీలపై, వసూళ్ల తీరుపై ఫిర్యాదులు వెల్లువెత్తగా జిల్లా అధికార యంత్రాంగం అనేక శాఖలను మూయించింది. గొడవ సద్దుమణిగింది. కాని దేశమంతటికీ వర్తించే కట్టుబాటు మాత్రం అప్పుడు రాలేదు. ఒకే కుటుంబానికి మూడు నాలుగు సంస్థలు అప్పులివ్వడం, వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేయడం ఇతర జిల్లాలలో సాగిపోయింది. 2010 నాటికి రాష్ట్రమంతటా ఆత్మహత్యల వార్తలు వచ్చేవరకు పోయింది. ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అదే నెలలో రిజర్వు బ్యాంకు మాలెగాం ఉపసంఘాన్ని నియమించింది. 2011 జనవరిలో దాని నివేదిక, ఆ డిసెంబరులో సూక్ష్మ రుణ కంపెనీలకు ప్రత్యేక నియమావళి వచ్చాయి. 2022లో ఆ నియమాలను మళ్లీ దిద్ది, ఒక కుటుంబం నెలకు కట్టవలసిన వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగానికి మించరాదని కట్టడి చేశారు.

నాలుగేళ్లలో ఎన్ని కుటుంబాలు చితికాయో లెక్క చెప్పలేము. ఇటువంటి విషయాలలో ఒక జిల్లాలో మంట ఆర్పినంత మాత్రాన పని అయినట్లు కాదని మాత్రం చెప్పగలము.

సహకారోద్యమానికి పుట్టిల్లయిన ఇంగ్లండులో జరిగినది కూడా తెలుసుకోదగినదే. అక్కడ అప్పు తీసుకునేవారికి బ్యాంకులు వాయిదాల రక్షణ బీమా అనే పాలసీని అంటగట్టేవి. అప్పు తీసుకున్నవానికి జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా బీమా కంపెనీ వాయిదాలు కడుతుందని చెప్పేవారు. సొంత వ్యాపారం చేసుకునేవారికి, ముందే జబ్బున్నవారికి అది చాలావరకు వర్తించదు. అయినా అమ్మారు. సిటిజన్స్ అడ్వైస్ అనే సేవాసంస్థ ఊరూరా సలహా కేంద్రాలు నడుపుతూ, తమ వద్దకు వచ్చినవారి కేసులను పోగుచేసింది. 2005లో వాటిని ఆధారంగా చూపి ప్రభుత్వ వర్తక పర్యవేక్షణ కార్యాలయానికి "మహాఫిర్యాదు" అనదగిన అర్జీ పెట్టింది. ఆ దేశంలో 2002 చట్టం ప్రకారం గుర్తింపు పొందిన వినియోగదారుల సంస్థ అట్టి అర్జీ పెడితే 90 రోజులలో జవాబు చెప్పి తీరాలి. ఇటు అంబుడ్స్‌మన్ కార్యాలయం కూడా ఒక్కొక్క ఫిర్యాదు పరిష్కరిస్తూనే, ఇది విడివిడిగా తేలే విషయం కాదని 2008లో నియంత్రణ సంస్థకు వ్రాసింది. 2010లో నియమాలు వచ్చాయి. బ్యాంకులు కోర్టుకు వెళ్లి 2011లో ఓడిపోయాయి. ఫిర్యాదులకు చివరి గడువు 2019 ఆగస్టు 29 అని ప్రకటించారు. మొత్తం మీద ఖాతాదారులకు తిరిగి వచ్చినది సుమారు 3,800 కోట్ల పౌండ్లు.

ఇందులో గమనించవలసినది ఆ సలహా కేంద్రాలలోని రిజిస్టర్లు. ఏ పాలసీ, ఎవరు అమ్మారు, ఎంత ప్రీమియం, క్లెయిము ఎందుకు తోసివేశారు అన్నది వ్రాసిపెట్టుకోకపోతే 2005లో అర్జీ పెట్టడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

సంఘంలో ఒక రిజిస్టరు

మన సంఘాలకు రిజిస్టర్లు కొత్త కాదు. ఇంకొకటి పెట్టండి. ఒక వంద పేజీల నోటుపుస్తకం చాలు. తేదీ, సభ్యుని నంబరు, బ్యాంకు లేక కంపెనీ పేరు, శాఖ, రుణం లేక పాలసీ రకం, కోత పేరు పాస్‌పుస్తకంలో ఎట్లా ఉందో అట్లాగే, మొత్తం, బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చిన తేదీ, జవాబు. పాస్‌పుస్తకంలోని మాటలు మీ సొంత మాటలలోకి మార్చి వ్రాయవద్దు. "ఏదో బీమా కోత" అని వ్రాస్తే రేపు అది ఏ కోతో ఎవరికీ తెలియదు. సభ్యుల ఖాతా నంబర్లు అందరూ చూచే రిజిస్టరులో పూర్తిగా వ్రాయరాదు, చివరి నాలుగు అంకెలు చాలు.

రెండు మూడు నెలల తరువాత పుస్తకం తిరగవేస్తే చెల్లాచెదురుగా ఉన్నవి ఒక చోటికి చేరడం కనబడుతుంది. ఒకే శాఖ, ఒకే కోత, ఒకే తేదీ. అప్పుడు రెండవ పని. ఆ రుణం తీసుకున్నవారందరి పాస్‌పుస్తకాలు తెప్పించాలి, ఫిర్యాదు చేసినవారివే కాదు. పన్నెండుమంది రుణం తీసుకుంటే పన్నెండూ చూడాలి. తొమ్మిదింటిలో లోపం ఉండి మూడింటిలో లేకపోతే ఆ మూడింటినీ దాచరాదు. ఆ ముగ్గురికీ ఎందుకు జరగలేదన్నదే ఒక్కోసారి అసలు కారణాన్ని చూపుతుంది. పై అధికారి కూడా "పన్నెండులో తొమ్మిది" అన్న కాగితాన్ని నమ్మినట్లు "అందరికీ అన్యాయం" అన్న కాగితాన్ని నమ్మడు. ఆడిటు చేసేవారి బుద్ధి అట్లాంటిది. నేనూ ఆ జాతివాడినే.

పశువుల బీమా విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. చెవి పోగు లేని పశువు చనిపోతే క్లెయిము ఇవ్వరన్నది పాలసీలలో మామూలు షరతు. పోగు ఊడిపోతే వెంటనే కంపెనీకి తెలిపి మళ్లీ వేయించుకోవాలి. తొమ్మిది క్లెయిములు తోసివేశారని సంఘం ఆవేశపడవచ్చు. విచారిస్తే అందులో అయిదుగురు పోగు ఊడిన సంగతి ఎవరికీ చెప్పనే లేదని తేలవచ్చు. ఆ అయిదూ తీసివేయండి. తెలియజేస్తూ ఉత్తరం వ్రాసి, రశీదు పెట్టుకుని, మనిషి రాక, పోగు పడక క్లెయిము పోగొట్టుకున్న నలుగురివే అసలు కేసులు. ఆ నాలుగూ చాలు. సామూహిక పాలసీ పాల యూనియన్ పేరున ఉన్నట్లయితే అసలు పాలసీ కాపీని యూనియన్ నుంచి అడిగి తెచ్చుకుని, షరతులు తెలుగులో చదివించి వినండి. పాలసీ చదవకుండా వ్రాసిన ఫిర్యాదు కొలవకుండా పోసిన పాల వంటిది.

పూచీకత్తు విషయం మరొకటి. వ్యవసాయ, అనుబంధ రుణాలకు తాకట్టు అడగరాదన్న హద్దును రిజర్వు బ్యాంకు 1.6 లక్షల నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. పాడి కూడా అనుబంధమే. లక్షన్నర రుణానికి భూమి కాగితాలు తెమ్మని ఒక శాఖ అందరినీ తిప్పుతుంటే, సొంత భూమి లేక కౌలు గడ్డితో పాడి చేసేవారే ముందుగా నష్టపోతారు. అయితే "నోటిమాటగా అడిగారు" అంటే రుజువుండదు. దరఖాస్తు వ్రాతపూర్వకంగా ఇచ్చి, నిరాకరణకు కారణం వ్రాసి ఇమ్మని అడగాలి.

ముందు మన గుమ్మం

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. చాలా సంఘాలలో రుణ వాయిదాను పాల బిల్లు నుంచి కోసి బ్యాంకుకు పంపే ఏర్పాటు ఉన్నది. సభ్యురాలి బిల్లులో కోత 5వ తేదీన పడుతుంది. సంఘం ఆ సొమ్మును ఇతర అవసరాలకు వాడుకుని 25వ తేదీన బ్యాంకుకు కడుతుంది. బ్యాంకు ఆమెను ఆలస్యం చేసినవారి జాబితాలో చేర్చి అపరాధ రుసుము వేస్తుంది. ఆమె తన వంతు ఎప్పుడో చెల్లించింది. ఇందులో బ్యాంకు తప్పేమున్నది?

అర్జీ వ్రాయబోయే ముందు బిల్లు కోత తేదీలు, బ్యాంకుకు పంపిన తేదీలు పక్కపక్కన వేసి చూడండి. తేడా సంఘం వద్దనే ఉంటే ఆ రుసుమును సంఘమే సభ్యురాలికి తిరిగి ఇవ్వాలి. ఈ పని చేయకుండా పైకి వ్రాసిన సంఘానికి మొదటి విచారణలోనే తల వంచుకోవలసి వస్తుంది. బ్యాంకు కూడా తన పుస్తకాలు తెస్తుంది గదా.

రెండు దారులూ ఒకేసారి

లెక్క తేలిన తరువాత పాలకవర్గం తీర్మానం చేయాలి. నష్టపోయిన ప్రతి సభ్యుడూ విడిగా బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వాలి, ముప్పై రోజుల తరువాత విడిగా అంబుడ్స్‌మన్‌కు పంపాలి. సంఘం తన తరఫున నియంత్రణ సంస్థకు అర్జీ పెట్టాలి. సంఘం అర్జీ పెట్టింది గదా అని సభ్యులు తమ ఫిర్యాదు మానుకుంటే అసలుకే మోసం వస్తుంది. సంఘం అర్జీ వల్ల సభ్యుని గడువు ఆగదు. పద్ధతి మారేసరికి పదిమందికీ మేలు జరగవచ్చు గాని, గడువు దాటిన సభ్యుని సొమ్ము పోయినట్లే.

బీమా అంబుడ్స్‌మన్ వద్ద కూడా దారి ఇంచుమించు ఇదే. ముందు కంపెనీకి వ్రాసి, నెల రోజులు చూచి, అప్పుడు వెళ్లాలి. అక్కడ బీమా చేసుకున్నవారో, వారసులో, నామినీయో తామే ఫిర్యాదు పెట్టుకోవాలి. కార్యదర్శి కాగితాలు సర్దిపెట్టవచ్చు, సంతకం మాత్రం వారిదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. ఐ.ఆర్.డి.ఎ.ఐ.కి నేరుగా ఫిర్యాదు నమోదు చేయించడానికి 155255 నంబరు ఉన్నది.

రిజర్వు బ్యాంకుకు సంఘం పెట్టే అర్జీకి ఒక నమూనా ఇస్తున్నాము :

"భారతీయ రిజర్వు బ్యాంకు, వినియోగదారుల విద్య, రక్షణ విభాగం, ముంబయి, చీఫ్ జనరల్ మేనేజరు గారికి.

విషయం : ...... బ్యాంకు ...... శాఖలో పాడి పశువుల రుణాలపై, సొమ్ము చెల్లించిన తేదీకి ముందునుంచే వడ్డీ లెక్కించుట గురించి.

అయ్యా,

మా సంఘ సభ్యులలో ...... మంది ...... తేదీ మొదలు ...... తేదీ వరకు సదరు శాఖలో రుణం పొందిరి. వారందరి ఖాతాలు పరిశీలించగా ...... మంది ఖాతాలలో వడ్డీ మంజూరు తేదీ నుంచి లెక్కింపబడినది. మిగిలిన ...... మంది ఖాతాలలో ఈ లోపం కానరాలేదు. తేదీలు, మొత్తాలు చూపు పట్టిక జతపరచడమైనది. సభ్యులు ...... తేదీన బ్యాంకుకు వ్రాతపూర్వకంగా తెలుపగా వచ్చిన జవాబుల నకళ్లు కూడా జతపరచడమైనది. వారు తమ వ్యక్తిగత నష్టము గురించి విడిగా అంబుడ్స్‌మన్ గారికి వ్రాసుకొనియున్నారు. ఆ పరిహారమును ఈ అర్జీలో కోరుట లేదు.

2024 ఏప్రిల్ 29న తమరు జారీచేసిన ఆదేశమునకు ఈ పద్ధతి విరుద్ధమని భావిస్తున్నాము. సదరు బ్యాంకు ఇతర శాఖలలో కూడా ఇది ఉన్నదేమో విచారించి, అధికముగా వసూలు చేసిన వడ్డీని ఖాతాదారులందరికి తిరిగి చెల్లింపజేయవలసినదిగా ప్రార్థన."

ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. వడ్డీ తేదీతోపాటు మేనేజరు మర్యాదగా మాట్లాడడం లేదని, ఏ.టి.ఎం. పనిచేయడం లేదని చేరిస్తే అసలు విషయం అడుగున పడిపోతుంది. ఆ మాటలు నిజమే కావచ్చు, వాటికి వేరే కాగితం వ్రాయండి.

ముంబయికి వ్రాసే ముందు జిల్లాలోనే ఒక తలుపు ఉన్నదని మరువవద్దు. లీడ్ బ్యాంకు పథకం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా సమీక్షా సమావేశం మూడు నెలలకొకసారి జరుగుతుంది. రిజర్వు బ్యాంకు, నాబార్డు ప్రతినిధులు, ప్రజాప్రతినిధులు అక్కడికి వస్తారు. మండల స్థాయిలో కూడా బ్యాంకర్ల సమావేశం ఉంటుంది. లీడ్ బ్యాంకు మేనేజరు గారికి పట్టిక నకలు ముందుగా అందజేసి, విషయాన్ని ఎజెండాలో చేర్చమని కోరాలి. అయిదారు సంఘాలు కలిసి, లేదా యూనియన్ ద్వారా కోరితే మరింత బరువు. సమావేశం మినిట్సులో ఎక్కిన మాటకు తరువాత జవాబు చెప్పవలసినవారు ఒకరుంటారు. చాలా చిక్కులు అక్కడే తెగిపోతాయి, ముంబయి దాకా పోనవసరం ఉండదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఒకే రకమైన నష్టం గల పలువురి తరఫున జిల్లా కమిషన్ అనుమతితో ఒకరే కేసు వేసే వీలున్నది. అయితే కమిషన్ ముందున్న అదే ఫిర్యాదును రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ తీసుకోడు. ఏ దారి పట్టాలో ముందే నిర్ణయించుకోవాలి. ఖర్చు లేనిదానితో మొదలుపెట్టడం మన వంటివారికి తగినది.

డిపాజిట్ల విషయంలో ఒక్క మాట. పలు రాష్ట్రాలలో శాఖలున్న సహకార సంఘంలో డిపాజిటు చేసి తిరిగి రాబట్టుకోలేనివారికి, బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టానికి 2023లో చేసిన సవరణ ద్వారా సహకార అంబుడ్స్‌మన్ ఏర్పాటైంది. రాష్ట్ర చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే మాత్రం రిజిస్ట్రారు గారికే వ్రాయాలి. బోర్డు మీద సహకార సంఘం అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటే కాదు, రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద ఉందో ముందు అడగండి.

అర్జీ పంపి మూడు నెలలైనా ఏమీ తెలియకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉన్నది. రిజర్వు బ్యాంకు, ఐ.ఆర్.డి.ఎ.ఐ., ప్రభుత్వరంగ బ్యాంకులు ఆ చట్టం కిందకు వస్తాయి. "ఫలానా తేదీ గల మా అర్జీపై ఏ అధికారి ఏమి వ్రాశారు, ఆ నకలు ఇవ్వండి" అని అడగవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఈ హక్కు పౌరునికి ఇచ్చినది కనుక దరఖాస్తును సంఘం పేరున కాక అధ్యక్షులో, కార్యదర్శియో తమ సొంత పేరున పెట్టుకోవాలి. రిజిస్టర్డు పోస్టు రశీదును, పంపిన నకలును ఆ నోటుపుస్తకంలోనే, ఆ సభ్యుల పేర్లున్న పేజీకి అంటించి ఉంచండి. కార్యదర్శి మారినప్పుడు అప్పగింత జాబితాలో ఆ పుస్తకాన్ని కూడా వ్రాయించండి.